నాకు నేనే తేల్చుకున్న క్షయ

మా వైపు క్షయ గురించి ఎవరూ డాక్టరును అడగరు. మదనపల్లె దగ్గర క్షయాసుపత్రి ఉండడంతో ఎక్కడెక్కడి రోగులూ మేమెక్కే బస్సుల్లోనే వచ్చి దిగుతారు. మనిషి దగ్గును బట్టి, చెంపల ఎరుపును బట్టి ఏ దశలో ఉన్నాడో బస్టాండులో బొరుగులమ్మే ముసలమ్మ కూడా చెప్పేస్తుంది. నాకైతే ఆ గర్వం ఇంకో పిడికెడు ఎక్కువ. మా అన్న ఆ ఆసుపత్రి వరండాలోనే పోయాడు. రెండేళ్లు వాడికి పాలూ గుడ్లూ మోసిందాన్ని, సాయంత్రం జ్వరం కాగితం మీద గీత గీసిందాన్ని. క్షయ సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకునేదాన్ని. ఆ గర్వం నా చేత ఏం చేయించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివినవాళ్లలో ఒక్కరైనా తమ జబ్బుకు తామే పేరు పెట్టుకోకుండా ఉంటే చాలు.

నేను పుంగనూరులో మిషన్ బడి టీచరును. పేరు ఎస్తేరమ్మ. మా ఆయన సామ్యేలు కుప్పం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఆయన అక్కడ, నేను ఇక్కడ. బడి వదులుకుని రమ్మని ఆయన అనలేదు, రైలు వదులుకుని రమ్మని నేను అనలేదు. కుప్పంలో ఆయనతో పాటు ఆయన అక్క రూతమ్మ ఉండేది. మా వదిన. చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుంది, పిల్లల్లేరు. నా దగ్గర నా కూతురు సుశీల ఉండేది.

యుద్ధం ఇక ముగుస్తుందని అందరూ చెప్పుకుంటున్న ఏడు, వేసవి మొదట్లో మొదలైంది. చిక్కిపోవడం ముందు నేను చూసుకోలేదు, నా గాజులు చూపించాయి. మోచేతి దాకా జారిపోయేవి. ఒళ్లంతా సెగ. అందరూ ఉక్క అంటుంటే నేను తడిబట్ట కప్పుకుని పడుకునేదాన్ని. గుండె కూర్చున్నా పరుగే, పడుకున్నా పరుగే. మెడ కింద చిన్న వాపు. మా వైపు మెడ దగ్గర వాపు వస్తే గండమాల అంటారు, గండమాల అంటే క్షయకు చెల్లెలు. ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఒక్క సంగతి మాత్రం లెక్కకు రాలేదు, ఆకలి. మా అన్న చివరి రోజుల్లో పాలచుక్క మింగడానికి కూడా ఏడ్చేవాడు. నేను చూస్తే రెండు సంగటి ముద్దలు తిని మూడోదాని కోసం కుండలో చెయ్యి పెట్టేదాన్ని. సిగ్గేసేది. రేషను రోజుల్లో ఇంత తిండి ఏమిటని తలుపు వేసుకుని తినేదాన్ని. లెక్కలో ఒక అంకె తప్పితే పిల్లల చెవి మెలేసే టీచరును, నా లెక్కలో పొసగని అంకెను మాత్రం కొంగు కింద దాచుకున్నాను.

కోపం కూడా పెరిగింది. నాకు కోపం పుట్టుకతోనే ఉంది, కాదనను. కానీ ఇది వేరు. ఒకరోజు సుశీల నీళ్ల చెంబు దొర్లించింది. అంతే. చెంప మీద కొట్టాను. నా నాలుగు వేళ్లూ అచ్చుపడ్డాయి. బిడ్డ ఏడవలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపు చూశాక అనుకున్నాను, నా రోగం దీనికి అంటకముందే దీన్ని పంపించెయ్యాలని.

ఈస్టరు ఆదివారం ప్రభు బల్ల. మా గుడిలో ద్రాక్షరసం తాగడానికి అందరిదీ ఒకే పాత్ర. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి పెదాలకూ అందిస్తూ వస్తారు, అంచు తుడుస్తారు, పక్కవాళ్లకు ఇస్తారు. పాత్ర నా దగ్గరకు వచ్చేసరికి నేను తల పక్కకు తిప్పేశాను. అయ్యగారి చెయ్యి ఒక క్షణం ఆగి ముందుకు వెళ్లిపోయింది. మా సంఘంలో పాత్ర వద్దన్న మనిషికి రెండే కారణాలు ఉంటాయి. పాపం చేసి సంఘం వేసిన శిక్షలో అయినా ఉండాలి, లేదా క్షయ అయినా ఉండాలి. గుడి మెట్లు దిగేలోపల సంఘం రెండుగా చీలి ఈ సంగతి మాట్లాడుకుంది. నేను ఒంటరిగా కాపురముండే ఆడదాన్ని కాబట్టి మొదటి కారణానికి ఓటు వేసినవాళ్లూ తక్కువేం లేరు. తర్వాత వారం నుంచి నేను కూర్చునే చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు.

నాకు క్షయ అని, బిడ్డను తీసుకుపొమ్మని మా ఆయనకు ఉత్తరం రాశాను. మే నెలలో వదిన వచ్చింది. సుశీలకు అప్పటికి రెండేళ్లు నిండలేదు, ఇంకా నా పాలు మానలేదు. మూడు రోజుల ముందు నుంచి వేపాకు నూరి రొమ్ముకు రాసుకున్నాను. మొదటి రోజు చేదుకు ఉమ్మేసింది, రెండోరోజు దూరంగా నిలబడి అడిగింది, మూడోరోజు అడగలేదు. వదిన వచ్చి బిడ్డను చంకన వేసుకుంది. నేను నాలుగు అడుగుల దూరంలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"నీ బిడ్డ యాడికీ పోదులే ఎస్తేరూ. నీకు బాగయ్యేదాకా నా కాడ ఉంటాది. అంతే గదా" అంది వదిన.

నాకు ఆమె చెంగు పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది, ఆమెను రక్కాలని కూడా అనిపించింది. ఏదీ చేయలేదు. తలుపు వేసుకున్నాను.

అప్పటి నుంచి ఏడు నెలలు. ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని మీరు అడగవచ్చు. తెలిసిన దానికి వెళ్లడం ఎందుకు? అన్నను చూశాను కదా, మందు లేదు, గాలీ పాలూ తప్ప. గాలి పుంగనూరులోనూ ఉందనుకున్నాను. అసలు కారణం అది కాదు. అక్కడి వరండాలో అన్న పడుకున్న మంచం పక్క మంచం నాకు ఇస్తారని భయం. బళ్లో సంగతి పైకి చెప్పలేదు. నా బల్ల కిటికీ దగ్గరకు జరుపుకున్నాను, పిల్లలను రెండు వరసలు వెనక్కి కూర్చోబెట్టాను. నాకు వేరే పళ్లెం, వేరే లోటా. బావి దగ్గర నేను తోడుకునేదాకా మిగతావాళ్లు ఆగేవాళ్లు, ఒక్క మాటా అనకుండా, మర్యాదగా. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టి ఉందును.

ఆయన నెలకు ఒకసారి వచ్చేవారు. వాకిట్లో బెంచీ మీద కూర్చునేవారు, నేను గడప లోపల కూర్చునేదాన్ని. సుశీల పరిగెత్తుతోందని, చెనక్కాయలు తనే వొలుచుకుంటోందని, రైలు కూత వస్తే చెవులు మూసుకుంటుందని చెప్పేవారు. నేను ఆ మాటలు వారాల తరబడి దాచుకుని తలచుకునేదాన్ని. ఆయన మంచివారే. కాకపోతే ఆ మంచితనం వాకిలి దాటి లోపలికి రాలేదు. ఒకసారి చెయ్యి చాచి నా తల మీద పెడతారేమోనని చూశాను. బస్సుకు వేళవుతోందని లేచారు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక పొద్దున బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క నా మాట వినలేదు. 'అ' రాయబోతే అది పిచ్చిగీత అయింది. చెరిపి మళ్లీ రాశాను, మళ్లీ అంతే. పిల్లలు నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. నేను కింద కూర్చుండిపోయాను. హెడ్‌మిస్ట్రెస్సమ్మ నా చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను. ఆమె నాకు రెండు దారులే ఇచ్చింది. మదనపల్లె ఆడవాళ్ల ఆసుపత్రికి వెళ్లు, లేదంటే రేపటి నుంచి బడికి రావద్దు.

పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు కొండ ఎక్కలేక మూడు చోట్ల ఆగింది. ఆసుపత్రి వరండాలో అందరికీ దూరంగా, చివరి స్తంభం దగ్గర కూర్చున్నాను. ఆ రోజు అక్కడ యాభై మంది ఆడవాళ్లు ఉన్నారేమో. పిల్లలు, మూటలు, గోల. అంత మందిలో కూర్చుని నేను ఎవరికీ తెలియకుండా మూటలోని సంగటి విప్పి తిన్నాను. అది అయిపోయాక చెనక్కాయలు తిన్నాను. తలెత్తితే ఒక పెద్దామె నన్నే చూస్తోంది. తంబళ్లపల్లె వైపు రైతుల మనిషి, నాగమ్మ. కోడలి కాన్పుకు వచ్చింది. తన సంచిలోంచి ఇంకో పిడికెడు చెనక్కాయలు తీసి నా దగ్గరకు వచ్చింది.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా ఉండమన్నాను. క్షయ అని చెప్పాను. ఏడు నెలల్లో ఆ మాట నా నోటితో పైకి చెప్పింది అదే మొదటిసారి. ఆమె పారిపోలేదు. నా పక్కనే చతికిలబడి కూర్చుంది.

"ఎవురమ్మా నీకు సెప్పింది? మా మరిది క్షయతోనే పోయినాడు. ముద్ద నోట పెడితే కక్కేటోడు. నువ్వేమో పొద్దున్నించి తింటానే ఉండావు. ఇంత తినే క్షయ నేను యాడా సూళ్లేదు తల్లీ" అంది.

అంతటితో ఊరుకోకుండా నా మణికట్టు పట్టుకుంది. ఏడు నెలల తర్వాత నన్ను ఒక మనిషి ముట్టుకుంది. నేను ఏడుస్తున్నానని ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. నేను కూర్చుంటూనే క్షయాసుపత్రికి చీటీ రాసివ్వమన్నాను. ఆమె ముందు నన్ను చూస్తానంది. చేతులు రెండూ ముందుకు చాచమని, వేళ్ల మీద ఒక కాగితం ముక్క పెట్టింది. కాగితం రెపరెపలాడింది. గ్లాసుతో నీళ్లిచ్చి గుటక వేయమంది. నేను గుటక వేస్తుంటే నా మెడనే చూసింది, తర్వాత వెనక నిలబడి రెండు చేతులతో ఆ వాపును తడిమి ఇంకో గుటక వేయమంది. కళ్లు చూసింది. నా కళ్లు మిటకరించుకుని ఉన్నాయని అప్పుడే నాకు తెలిసింది, అద్దం ఎప్పుడో గోడ వైపు తిప్పేశాను. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించింది, కళ్లె పరీక్ష చేయించింది. మూడోరోజు పిలిచింది.

"నీకు క్షయ ఉందని ఎవరు చెప్పారమ్మా?"

"నేనే."

"నువ్వే అంటే?"

"నేనే అనుకున్నాను."

ఆమె కలం పక్కన పెట్టింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని, క్షయ లేదని, ఎప్పుడూ లేదని చెప్పింది. నాకు సంతోషం రాలేదు. దేవుడు మేలు చేశాడన్న మాట కూడా రాలేదు. వేపాకు గుర్తొచ్చింది. ఆ మూడు రోజులూ బిడ్డ నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఇదంతా ఉత్తిపుణ్యానికా అనుకున్నాను. పళ్లు కొరుక్కున్నాను. తిట్టడానికి ఒక మనిషి కావాలి, వెతికితే నేను తప్ప ఎవరూ దొరకలేదు.

నాకున్న జబ్బేమిటో ఆమె ఓపిగ్గా చెప్పింది. నేను అయిదో తరగతికి ఏటేటా నాడీమండలం పాఠం చెప్పేదాన్నే. మెదడు, వెన్నుపాము, వాటి నుంచి బయలుదేరే నరాలు అని పిల్లల చేత అరిపించేదాన్ని. ఆ పాఠం నా ఒంట్లో కూడా ఉందని ఎన్నడూ అనుకోలేదు. ఆమె చెప్పిందాన్ని బట్టి, నరాల్లో కొన్ని మన మాట వింటాయి. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాయి. కొన్ని మనల్ని అడగవు. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, తిన్నది అరగడం వాటి పని. ఆ అడగని వాటిలోనూ రెండు జట్లు ఉన్నాయట. ఒకటి ఎద్దును ములుకోలతో పొడిచి తోలుతుంది, ఇంకొకటి పగ్గం లాగి ఆపుతుంది. రెండూ సమంగా ఉంటే బండి నడుస్తుంది. నా మెడలో ఉన్న గ్రంథి తన రసాన్ని అవసరానికి మించి నెత్తురులో కలిపేస్తోందట. దాంతో ఒళ్లంతా ములుకోల పోటుకు పరిగెత్తుతోంది. మెదడు కింద బఠాణీగింజంత గ్రంథి ఒకటి ఉందని, మెడ గ్రంథి దాని అదుపులో ఉండాలని, నా ఒంట్లో ఇది అదుపు తప్పిందని చెప్పింది. ఆకలి, సెగ, చెమట, వణుకు అన్నీ దానివే.

"కోపం కూడానా?" అని అడిగాను.

"కోపం కూడా" అంది.

చెంపదెబ్బ గురించి చెప్పాను. ఆమె అది జబ్బు చేసిన పని అని తలచుకోమంది. నేను ఇప్పటికీ అలా తలచుకోలేకపోతున్నాను. నన్ను ఎంతవరకు ఆ గ్రంథి నడిపిందో, ఎక్కడి నుంచి నేను నడిచానో గీత గీసి చెప్పగల డాక్టరు ఎవరూ ఉండరనుకుంటాను.

వెంటనే కుప్పం వెళ్లి బిడ్డను తెచ్చుకుంటానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఈ గుండెతో బస్సులో కుదుపులు పడితే దారిలోనే పోతావంది. ముందు రెండు వారాలు పాలలో అయోడిన్ చుక్కలు వేసుకుని మంచం మీద ఉండాలి, తర్వాత వేలూరు పెద్దాసుపత్రిలో మెడకు ఆపరేషను. అక్కడ ప్రాణభయం ఉంది, మాట పోయే భయం కూడా ఉంది. గొంతుకు వెళ్లే నరం ఆ గ్రంథి పక్క నుంచే పోతుందట. ఆ రెండు వారాలూ వార్డు కిటికీ దగ్గర పడుకుని నేను భయపడింది చావుకు కాదు. నా మాట పోతే సుశీల నన్ను దేనితో గుర్తుపడుతుంది? మొహం అప్పటికే మారిపోయింది.

సంగతి తెలిసి ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. నేరుగా వచ్చి నా మంచం మీద, నా పక్కన కూర్చున్నారు. నేను గోడ వైపు జరిగాను. ఆయన మొహం వాడిపోయింది. ఆయన తప్పేమీ లేదు, నేను రాసిన ఉత్తరాన్నే నమ్మారు. తెలిసినా జరిగాను. అది ఏ గ్రంథి పనీ కాదు, నా పనే.

వేలూరులో మెడ దగ్గర మాత్రమే మత్తుసూది వేసి, మెలకువగా ఉంచి కోశారు. మొహం మీద గుడ్డ కప్పారు. నొప్పి లేదు కానీ లాగడం తెలుస్తోంది. ఆపకుండా మాట్లాడుతూ ఉండమన్నారు, గొంతు మారితే నరం దగ్గరకు వచ్చామని వాళ్లకు తెలుస్తుందట. ఏం మాట్లాడాలి? కీర్తన మొదలుపెడితే రెండో వాక్యం గుర్తురాలేదు. అప్పుడు నా తరగతి హాజరు పిలవడం మొదలుపెట్టాను. ఆదెమ్మ, ఎలీసమ్మ, గంగులమ్మ, చిన్నప్ప, ముప్ఫై రెండు పేర్లు. పేర్లు అయిపోయాయి. తమిళ నర్సు ఇంకా చెప్పమంది. సుశీల అన్నాను. మళ్లీ సుశీల అన్నాను. పని అయ్యేదాకా ఆ పేరే చెప్పానట. చివర్లో గొంతు బొంగురుపోయింది, అయినా మాట మిగిలింది.

మార్చి వచ్చేసరికి ఒంట్లో పరుగు ఆగింది. రాత్రుళ్లు నిద్ర పట్టింది. కాగితం పెడితే వేళ్ల మీద కదలకుండా నిలబడింది. అందరిలాగే నాకూ ఉక్కపోసింది, సరిపడా ఆకలేసింది. గుళ్లో మళ్లీ పాత్ర అందుకున్నాను. నా తర్వాత కూర్చున్నామె అంచును ఒకటికి రెండుసార్లు తుడిపించుకుంది. మెడ గ్రంథి జబ్బని, అంటదని ఆమెకు నేనే నాలుగుసార్లు చెప్పాను. ఆమె తలూపింది. క్షయ సంగతి ఆమెకూ తెలుసు మరి.

జూన్‌లో డాక్టరమ్మ అనుమతి ఇచ్చాక కుప్పం వెళ్లాను. పలమనేరు మీదుగా దారంతా ఏం మాట్లాడాలో వల్లించుకున్నాను. ఆయన స్టేషన్లో డ్యూటీలో ఉన్నారు, రైల్వే క్వార్టర్సు ముందు సుశీల మట్టిలో ఆడుకుంటోంది. జుట్టు రెండు పిలకలు. నన్ను చూసి లేచి లోపలికి పరిగెత్తింది.

"అమ్మా, ఎవురో వచ్చినారు."

వదిన కొంగు పట్టుకుని, ఆ కొంగు పక్క నుంచి నన్ను చూసింది. వదిన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నేను నేర్పలే ఎస్తేరూ. అదే పిలిచింది. వద్దనాలని సూసినా. నా నోరు రాలే" అంది.

ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ రెండు రోజులూ సుశీల బట్టలన్నీ ఆమే ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. ఏ పాట పాడితే నిద్రపోతుందో, ఏ కూర ముట్టదో, రైలు కూత వస్తే ఏ చెవి ముందు మూయాలో అన్నీ చెప్పింది. బస్సు దాకా వచ్చింది. ఎక్కలేదు, ఏడవలేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద నిలబడే ఉంది. సుశీల ఏదో షికారు అనుకుని కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పుంగనూరు వచ్చాక రెండు రోజులు బాగానే ఉంది. పెట్టింది తింది. బడి పిల్లలు నన్ను పిలిచినట్టే తనూ పిలవడం నేర్చుకుంది. నేను తల దువ్వుతానంటే కదలకుండా కూర్చుంది, చుట్టాలింట్లో పిల్లలు బుద్ధిగా కూర్చున్నట్టు. మూడోరోజు సాయంత్రం గడప మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"టీచరమ్మా, మాయమ్మ యెప్పుడొస్తాది?" అని అడిగింది.

మీ అమ్మను నేనే అన్న మాట నా నాలుక మీదే ఉంది. ఏడాది పైగా ఆ మాట కోసమే బతికాను. ఆ చిన్న మొహం చూస్తే ఆ మాట చెప్పడం రెండోసారి చెంప మీద కొట్టడమే అవుతుందనిపించింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఏడాది కిందట నేను తలుపు వేసుకుని పడ్డ బాధను మూడు రోజుల కిందట వదినకు అప్పగించి, రోడ్డు మీద నిలబెట్టి వచ్చాను. ఆమెకు ఏ జబ్బూ లేదు.

"ఉత్తరం రాస్తాలే, వస్తాది" అన్నాను.

"ఇప్పుడే రాయి."

కార్డు తెచ్చుకుని గడప మీదే కూర్చుని రాశాను. వదినా, ఇక్కడ నీ కూతురు నీ కోసం చూస్తోంది. నీ బట్టలన్నీ సర్దుకుని, ఉండిపోయేటట్టు రా. అక్షరాలు వణకలేదు. సుశీల నా భుజం మీద గడ్డం ఆనించి కార్డులోకి తొంగి చూసింది. ఇంటికొచ్చాక తనంతట తను నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"ఏం రాసినావు?" అంది.

"మీ అమ్మను రమ్మని రాశాను" అన్నాను.